బ్రష్ చేస్తే రక్తం వస్తోందా? చిగుళ్ల కింది విందు ఆపేదెలా

పొద్దున్నే పళ్లు తోముకుని ఉమ్మితే వాష్‌బేసిన్‌లో నురగ గులాబీ రంగులో పడుతుంది. అది చూడగానే మనలో చాలామంది చేసే పని ఒకటే, మర్నాటి నుంచి ఆ చోట బ్రష్ పెట్టడం మానేస్తాం. మా పిన్ని అదే చేసింది. "పుండు మీద ఎందుకులే" అని కింద ఎడమ పక్క పళ్లని ఏడాదిపాటు సరిగ్గా ముట్టుకోలేదు. ఆ పక్క రెండు పళ్లు కదలడం మొదలయ్యాక గానీ డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు.

రక్తం వచ్చే చోటే ఇంకాస్త శ్రద్ధగా తోమాలంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. అందుకే ముందు కారణం చెప్పి, తర్వాత పనిలోకి దిగుతాను.

నేను కొన్నాళ్లు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేశాను. అక్కడ గొర్రె రక్తం కలిపి గడ్డకట్టించిన ఎర్రటి ప్లేట్లు ఉంటాయి. చిగురు లోతుల్లోంచి తీసిన పాచిని ఆ ప్లేటు మీద రాసి, గాలి తగలని డబ్బాలో పెట్టి, వారం పది రోజులు ఆగి తీస్తే, ఎర్రటి నేల మీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. మూత తీసినప్పుడు వచ్చే కంపు సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1921లో ఇలాంటి నల్ల బ్యాక్టీరియాని వర్ణించినవాళ్లు ఆ నలుపు మెలనిన్ అనుకున్నారు. మన జుట్టుకి రంగునిచ్చే పదార్థం అదే. దాంతో పేరులో కూడా 'మెలనినో' అని చేర్చేశారు. తర్వాత తేలిందేమిటంటే అది మెలనిన్ కానే కాదు, ప్లేటులోని రక్తం నుంచి లాక్కుని ఒంటికి పూసుకున్న హీమ్. ఆ గుంపులో చిగుళ్లకి ఎక్కువ చేటు చేసేదాన్ని 1988 నుంచి పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అంటున్నారు. 'పార్ఫిర' అంటే గ్రీకులో ఊదా రంగు.

హీమ్ అంటే పార్ఫిరిన్ అనే ఉంగరం, దాని నడుమ ఒక ఇనుప పరమాణువు. మన రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోసేది దీనితోనే. ఈ బ్యాక్టీరియాకి బతకడానికి హీమ్ కావాలి, కానీ సొంతంగా తయారు చేసుకోలేదు. అందుకని జింజిపెయిన్లు అనే ఎంజైములని కత్తెరల్లా వాడి హిమోగ్లోబిన్‌ని ముక్కలు చేసి అందులోని హీమ్ తీసుకుంటుంది. అవే కత్తెరలు చిగురు కణజాలాన్నీ కోస్తాయి, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్రోటీన్లనీ పాడుచేస్తాయి. పాచి పేరుకుంటే చిగురు వాచి రక్తం వస్తుంది. ఆ రక్తం దీనికి మేత. మేత దొరికితే ఇంకా పెరుగుతుంది, చిగురు ఇంకా వాస్తుంది. బ్రష్ మానేసిన చోట మనమే దానికి విస్తరి వేసి కూర్చోబెట్టినట్టు. ఇదొక్కటే దోషి అనడం లేదు. నోట్లో కొన్ని వందల రకాల బ్యాక్టీరియా ఉంటాయి, చిగుళ్ల జబ్బులో ఇది ఒక ముఠాతో కలిసి పనిచేస్తుంది.

ఇక మొదటి పని. మూడు రోజులు ఏమీ మార్చకుండా గమనించండి. రక్తం ఎక్కణ్ణుంచి వస్తోంది? ఒక పంటి దగ్గరేనా, నోరంతానా? తోమితేనే వస్తోందా, నిద్రలేచేసరికి దిండు మీద మరక ఉంటోందా? ఒక చీటీ మీద రాసుకోండి. అదే చీటీలో మీరు వాడే మందుల పేర్లూ రాయండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లకి రక్తం తొందరగా ఆగదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. ఉబ్బిన చిగురు కింద పాచి దాక్కుంటుంది. అలాగని ఏ మందునీ మీ అంతట మీరు ఆపొద్దు. గుండెకి స్టెంట్ వేయించుకున్నవాళ్లు రక్తం పలచబరిచే మాత్ర ఆపేస్తే ప్రాణానికే ముప్పు, దాని ముందు చిగుళ్ల రక్తం చాలా చిన్న విషయం.

సిగరెట్, బీడీ తాగేవాళ్లకి ఒక మాట. మీకు రక్తం రావడం లేదని మురిసిపోకండి. నికోటిన్ వల్ల చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి లోపల జబ్బు ముదురుతున్నా పైకి చిగురు పొడిగా, గట్టిగా కనిపిస్తుంది. మానేసిన కొత్తలో కొందరికి రక్తం ఎక్కువగా కనిపిస్తుంది. మానేస్తే జబ్బు వచ్చిందని మళ్లీ అంటించేవాళ్లని చూశాను.

రెండో పని తోమడం. తెలిసిందే కదా అని దాటేయకండి, చాలామంది తప్పేది ఇక్కడే. మెత్తటి బ్రష్ తీసుకోండి. 'మీడియం', 'హార్డ్' అని ఉన్నవి షాపులోనే వదిలేయండి. పేస్టు బఠాణీ గింజంత చాలు, ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడవునా పరచక్కర్లేదు. ఫ్లోరైడ్ పేస్టే వాడండి. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపు గింజంత పెట్టండి, ఉమ్మేలా చూడండి. నల్గొండ లాంటి ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల్లో పిల్లలు పేస్టు మింగకుండా ఇంకాస్త జాగ్రత్త కావాలి.

ఇప్పుడు అద్దం ముందు నిలబడండి. పన్నూ చిగురూ కలిసే గీత కనిపిస్తోందా? మీకు పని ఉన్నది ఆ గీత దగ్గర. బ్రష్ కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఉండేలా, చిగురు వైపు వాలుగా, సుమారు 45 డిగ్రీల్లో పెట్టండి. కుచ్చు కొసలు ఆ గీతలోకి కొద్దిగా దూరతాయి. అక్కణ్ణుంచి కదలకుండా, చేతికి వణుకు వచ్చినట్టు చిన్నగా ఆడించండి. పది పదిహేనుసార్లు ఆడించి పక్క రెండు పళ్లకి జరగండి. గిన్నె తోమినట్టు అటూ ఇటూ రుద్దితే పంటి నడుం మెరుస్తుంది, చిగురు అంచున పాచి ఉన్నచోటే ఉంటుంది. పైగా ఏళ్ల తరబడి అలా రుద్దితే చిగురు దగ్గర పన్ను అరిగి గాడి పడుతుంది. లోపలి వైపు, అంటే నాలుక తగిలే వైపు, అందరూ మర్చిపోతారు. కింద ముందు పళ్ల లోపలి వైపు బ్రష్‌ని నిలువుగా పట్టుకోండి. అక్కడ లాలాజలం ఊరే గ్రంథుల నోళ్లు ఉంటాయి కాబట్టి గార అందరికీ ముందు పట్టేది అక్కడే.

రెండు నిమిషాలు తోమాలి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చూడండి, మొదటిసారి అది ఎంత ఎక్కువ సేపో తెలిసి ఆశ్చర్యపోతారు. రోజుకి రెండుసార్లు తోమాలి. ఒక్కసారే కుదురుతుందంటే రాత్రిపూట తోమండి, ఎందుకంటే నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది.

పంటి సందులు బ్రష్‌కి అందవు. రోజుకి ఒకసారి ఫ్లాస్ దారం గానీ, సందులు వెడల్పుగా ఉంటే సీసా కడిగే బ్రష్‌ని బొమ్మలా చేసినట్టుండే చిన్న సందు బ్రష్‌లు గానీ వాడండి. మెడికల్ షాపులో దొరుకుతాయి, కొలతలు వేరువేరుగా ఉంటాయి. బలవంతంగా దూర్చాల్సి వచ్చిందంటే ఆ సైజు మీది కాదు. పిన్నీసు, అగ్గిపుల్ల, బైక్ తాళంచెవి మాత్రం వద్దు. తాళంచెవి అన్నది జోక్ కాదు, బస్టాండ్‌లో కళ్లారా చూశాను.

వేపపుల్ల మీకు అలవాటైతే గొడవ లేదు. కొస బాగా నమిలి మెత్తటి కుచ్చు చేసుకుని, చిగురు గీత దగ్గర వాడండి. ఇటుక పొడి, బొగ్గు, గరుకు ఉప్పు, పొగాకు కలిపిన పళ్లపొడి ఆపేయండి. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలిస్తే వాపుకి కాస్త ఉపశమనం ఉంటుంది. కానీ పుక్కిలింత పాచిని ఊడదీయదు. పాచి అంటుకున్న ఎంగిలి కాదు, అది జిగురుతో కట్టుకున్న గూడు, గీకితే తప్ప పోదు.

మొదటి నాలుగైదు రోజులు రక్తం వస్తూనే ఉంటుంది, కొందరికి ఎక్కువగా కూడా వస్తుంది. టెన్షన్ పడకండి. 1965లో డెన్మార్క్‌లో ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మంది, ఎక్కువగా డెంటల్ విద్యార్థులు, పళ్లు తోముకోవడం ఆపేశారు. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలయ్యాయి. మీ జబ్బు చిగురు దాటి ఎముకలోకి వెళ్లకపోతే మీకూ అలాగే జరగాలి. క్యాలెండర్‌లో రోజూ రక్తం వస్తే ఎర్ర గీత, రాకపోతే నీలం గీత పెట్టుకోండి. రెండు మూడు వారాల తర్వాత కూడా ఎర్ర గీతలే ఎక్కువ ఉంటే తర్వాతి మెట్టు ఎక్కాలి.

మౌత్‌వాష్ గురించి అందరూ అడుగుతారు. క్లోర్‌హెక్సిడిన్ అనే మందు ఉన్న మౌత్‌వాష్‌ని డాక్టర్ రాసినప్పుడు, రాసినన్ని రోజులే వాడండి, సాధారణంగా అది రెండు వారాలు దాటదు. ఎక్కువ వాడితే పళ్లకీ నాలుకకీ గోధుమ రంగు మరకలు పడతాయి, రుచి తెలియదు. ఇంకో సంగతి ఉంది. నాలుక వెనక భాగంలో కొన్ని మంచి బ్యాక్టీరియా ఉంటాయి. పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేట్‌ని అవి నైట్రైట్‌గా మారుస్తాయి. దానినుంచి ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారై రక్తనాళాలు సడలుతాయి. ఘాటైన మౌత్‌వాష్ వీటినీ చంపుతుంది. చిన్న అధ్యయనాల్లో అలా వాడినవాళ్లకి బీపీ కొద్దిగా పెరగడం కనిపించింది. అందువల్ల ఊరికే, ఫ్రెష్‌గా ఉంటుందని, రోజూ పోసుకోవడం నాకు నచ్చదు.

మూడో పని క్లీనింగ్. పాచి గట్టిపడితే గార అవుతుంది. ఒకసారి గార కట్టాక ఏ బ్రష్షూ పీకలేదు. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి" అనే మాట మన ఇళ్లలో ఎంత పాతుకుపోయిందో చెప్పలేను. నిజానికి జరిగేది ఇది. చిగురు కింద ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది, గార సిమెంటులా పళ్లని పట్టుకుని ఉంటుంది. ఆ గార తీసేసరికి పళ్లు ఎంత వదులుగా ఉన్నాయో బయటపడుతుంది. వాపు దిగాక చిగురు కిందికి జారి పళ్లు పొడుగ్గా కనిపిస్తాయి, చల్లనీళ్లకి జివ్వుమంటాయి. దాంతో నింద క్లీనింగ్ మీదికి పోతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఒక ప్రశ్న అడగండి: "చిగురు లోతు కొలిచారా?" మిల్లీమీటర్ గీతలున్న సన్నటి కడ్డీని పంటి పక్కన మెల్లగా దించి చూస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు మామూలే. 4, ఆపైన ఉండి రక్తం కూడా వస్తుంటే అక్కడ సంచిలాంటి జేబు ఏర్పడిందని అర్థం. గాలి ఆడని ఆ జేబే మన నల్ల చుక్కల బ్యాక్టీరియాకి ఇల్లు. అప్పుడు పైపై క్లీనింగ్ చాలదు, మత్తిచ్చి వేరు దాకా గార తీసే డీప్ క్లీనింగ్ కావాలి. రెండు మూడు నెలల తర్వాత లోతు మళ్లీ కొలవాలి. ఏ కొలతా తీయకుండా, ఎక్స్‌రే చూడకుండా నేరుగా లేజర్ ప్యాకేజీ చెప్పేవాళ్ల దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. గర్భిణులకి హార్మోన్ల వల్ల చిగుళ్లు ఎక్కువ వాస్తాయి. వాళ్లూ క్లీనింగ్ చేయించుకోవచ్చు, నాలుగు నుంచి ఆరో నెల లోపు అయితే కుర్చీలో కూర్చోవడం సుఖం.

నాలుగో పని రక్తం వైపు చూడటం. చిగుళ్ల నుంచి దానంతట అదే రక్తం కారుతున్నా, చర్మం మీద ఎర్రటి చుక్కలు లేదా దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు ఉన్నా, జ్వరం, విపరీతమైన నీరసం, బరువు తగ్గడం ఉన్నా రెండు మూడు వారాలు ఆగొద్దు. అదే రోజు డాక్టర్‌ని కలిసి సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష, చేయించండి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయినా, బ్లడ్ క్యాన్సర్ మొదట్లోనైనా చిగుళ్ల రక్తంతో బయటపడటం ఉంది.

రిపోర్టులో హిమోగ్లోబిన్ తక్కువ వస్తే "చిగుళ్లలోంచి పోయింది" అనుకోవడం మామూలు. అలా పోయే రక్తం చాలా కొంచెం. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వాళ్లలో ఎక్కువమందికి కారణం తిండి, నెలసరి, కాన్పులు, నులిపురుగులు. చిగుళ్ల జబ్బు ఇంకో దారిలో కొద్దిగా చేయి వేస్తుంది. ఎక్కడైనా దీర్ఘకాలం వాపు ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని వదిలి ఇనుముని నిల్వల్లోనే తాళం వేసి ఉంచుతుంది. సూక్ష్మజీవులకి ఇనుము అందకూడదని శరీరం వేసే ఎత్తు అది, కానీ మనకీ అందదు. కాబట్టి ఐరన్ మాత్రలు వాడుతూనే చిగుళ్లు బాగుచేసుకోండి. మాత్ర వేసుకున్న గంట రెండు గంటల దాకా టీ, కాఫీ వద్దు. పిల్లలకి ఇచ్చే ఐరన్ సిరప్ వల్ల పళ్లు నల్లబడితే అది పైమరకే, పుచ్చు కాదు. నాలుక వెనక వేసి నీళ్లు తాగిస్తే తగ్గుతుంది.

షుగరున్నవాళ్లకి చిగుళ్ల జబ్బు ఎక్కువ, చిగుళ్ల జబ్బున్నవాళ్లకి షుగరు అదుపు కష్టం. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. షుగరు అదుపులో ఉందో లేదో చూసే హెచ్‌బీఏ1సీ పరీక్ష అంటే హిమోగ్లోబిన్‌కి అంటుకున్న చక్కెర కొలతే. రక్తహీనత గానీ, సికిల్ సెల్, తలసేమియా లాంటి పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ జబ్బులు గానీ ఉన్నవాళ్లలో అది తప్పుదోవ పట్టించవచ్చు. ఆ సంగతి డాక్టర్‌కి గుర్తుచేయండి.

ఇంట్లో హిమోగ్లోబిన్ జబ్బు ఎవరికైనా ఉంటే ఇక్కణ్ణుంచి నెమ్మదిగా చదవండి.

సికిల్ సెల్ మన ఏజెన్సీ ప్రాంతాల్లో, పాడేరు నుంచి ఆదిలాబాద్ దాకా ఉంది. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. ఆ కార్డు పళ్ల డాక్టర్‌కి కూడా చూపించండి. వీళ్లకి ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గడం, చలి, భయం, వీటిలో ఏదైనా సరే నొప్పుల దాడిని రప్పించవచ్చు. ఒంట్లో బాగున్న రోజుల్లో, పొద్దునపూట, నీళ్లు బాగా తాగి వెళ్లండి. ఏసీ గదికి దుప్పటి పట్టుకెళ్లండి. పుచ్చు లేకుండానే పన్నో దవడో నొప్పి పెడితే అది సికిల్ సెల్ నొప్పే కావచ్చు, తొందరపడి పన్ను పీకించుకోకండి. హైడ్రాక్సీయూరియా వాడేవాళ్లకి నోట్లో పుండ్లు వస్తే డాక్టర్‌కి చెప్పి సీబీపీ చూపించుకోవాలి.

తలసేమియా పిల్లలకి పై దవడ ఎముక ఉబ్బి పళ్లు ఎడంగా ఉంటాయి, సందుల్లో పాచి బాగా పడుతుంది. పళ్ల పని ఏదైనా రక్తం ఎక్కించిన వెంటనే వచ్చే రోజుల్లో పెట్టుకోండి. ప్లీహం తీసేసి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. ఒంట్లో పేరుకున్న ఇనుముని బయటికి పంపే డెఫెరిప్రోన్ మందు వాడుతున్నప్పుడు జ్వరం, గొంతునొప్పి, నోటిపుండ్లు వస్తే ఆ రోజే సీబీపీ చేయించాలి, తెల్లకణాలు పడిపోయి ఉండవచ్చు. వీళ్ల ఒంట్లో ఇనుము ఇప్పటికే ఎక్కువ. "రక్తం తక్కువ" అని ఎవరో ఇచ్చిన ఐరన్ టానిక్ పట్టించొద్దు.

ఇంకొకటి తక్కువమందికి తెలుసు. పంటినొప్పికి పూసే కొన్ని జెల్‌లలో, స్ప్రేలలో బెంజోకెయిన్ ఉంటుంది. అది అరుదుగా హీమ్‌లోని ఇనుముని మార్చి మెథిమోగ్లోబిన్ చేస్తుంది, అప్పుడు రక్తం ఆక్సిజన్ మోయలేదు. పెదాలు బూడిద నీలం రంగుకి తిరుగుతాయి, తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది, వేలికి పెట్టిన ఆక్సిమీటర్ 85 దగ్గర ఆగిపోతుంది. రెండేళ్లలోపు పిల్లలకి బెంజోకెయిన్ వాడొద్దని 2018లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. పళ్లొచ్చే పసిబిడ్డకి చల్లటి తడిగుడ్డ నమలడానికి ఇస్తే చాలు. ఈ స్థితికి ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మిథిలీన్ బ్లూ, అది జీ6పీడీ లోపం, అంటే ఎర్రకణాలని కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువ, ఉన్నవాళ్లకి ప్రమాదం. ఆ లోపం ఉందని తెలిస్తే చీటీలో రాసి ఉంచండి.

పార్ఫిరియా చాలా అరుదు. హీమ్ తయారయ్యే దారిలో ఎక్కడో అడ్డుపడి పార్ఫిరిన్లు పేరుకుపోతాయి. మన బ్యాక్టీరియా పేరులో ఉన్న ఊదా రంగే ఈ జబ్బు పేరులోనూ ఉంది. అందులో ఒక రకంలో చిన్నప్పటి నుంచే పళ్లు ఎర్రటి గోధుమ రంగులో ఉంటాయి, అతినీలలోహిత కాంతి పడితే ఎర్రగా మెరుస్తాయి. ఇంకో రకంవాళ్లకి కొన్ని మందులు వాడితే భరించలేని కడుపునొప్పి వస్తుంది. అందుకే తమకి పడని మందుల జాబితా వాళ్ల జేబులో ఉండాలి.

మొదటి రోజు రాసుకున్న చీటీ ఇప్పుడు పూర్తయినట్టే: రక్తం వచ్చే చోట్లు, మందులు, జబ్బులు, ఆఖరి హిమోగ్లోబిన్, ఫోన్‌లో దాని ఫొటో. 2019 తర్వాత ఈ బ్యాక్టీరియాకీ అల్జీమర్స్‌కీ ముడిపెడుతూ వచ్చే వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం ఆ చీటీకి జతచేయకండి. జింజిపెయిన్లని ఆపే మందుతో చేసిన పెద్ద ట్రయల్ 2021లో అనుకున్న ఫలితం చూపించలేకపోయింది.

మా పిన్నికి రెండు పళ్లలో ఒకటి నిలిచింది, ఒకటి పోయింది. ఇప్పుడావిడ బ్రష్ నోట్లో పెట్టగానే కింద ఎడమ పక్క నుంచే మొదలుపెడుతుంది.